సైకిల్ చక్రంలో ఎన్ని చక్రాలు?



సైకిల్ చక్రం వంకరపోతే మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తాం. "సైకిల్ చక్రం" అన్నప్పుడు ఒకే మాటను రెండుసార్లు పలికామని మనకూ తోచదు, మెకానిక్కూ తోచదు. తోచనక్కర్లేదు కూడా, చక్రం సరిగ్గా తిరిగితే చాలు. మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వేవాళ్లు మాత్రం అక్కడ ఆగిపోతారు. సైకిల్ అనే మాటకు మూలం గ్రీకు భాషలోని కుక్లోస్. చక్రం సంస్కృతం నుంచి వచ్చింది. ఈ రెండూ తోబుట్టువులు. వీటికి ఇంకో తోబుట్టువు ఉంది, ఇంగ్లీషువాళ్ల వీల్. ఆ వీల్ కథే ఈ పూట నేను చెప్పబోయేది.

వీల్. చక్రం. మరోసారి వినండి. వీల్... చక్రం. ఎక్కడైనా ఒక్క అక్షరం కలిసిందా? పైకి చూస్తే ఇంత దూరం దూరంగా ఉన్న మాటలు ఒకే మాట ఎలా అవుతాయి? రేడియోలో ఇది చెప్పడం కాస్త చిక్కే, ఎందుకంటే నా ముందు నల్లబల్ల లేదు. మీ చెవిని నమ్ముకునే చెబుతాను.

ముందుగా ఒక జాగ్రత్త. మనలో చాలామందికి ఒక సరదా ఉంది. ఇంగ్లీషు మాట ఒకటి పట్టుకోవడం, దానికి దగ్గరగా వినిపించే మన మాట వెతకడం, దొరకగానే "చూశారా, ఇది మన దగ్గర్నుంచి వెళ్లిందే" అనడం. పెళ్లిళ్లలో భోజనాల దగ్గర ఇలాంటి పరిశోధనలు జోరుగా సాగుతాయి. వినడానికి బాగానే ఉంటాయి కానీ, చాలావరకు నిలబడవు. పోలికను నమ్ముకుంటే ఇంట్లోనే మోసపోతాం. చక్రపొంగలి ఉంది కదా, అందులో చక్రం ఎక్కడుంది? లేదు. అది చక్కెర పొంగలి. సంస్కృతంలో శర్కర, మన నోట చక్కెర. గుళ్లో ప్రసాదం పెట్టేచోట, విష్ణుమూర్తి చేతి చక్రం ఎదురుగా కనిపిస్తుంటే, చక్కెర కాస్తా చక్రమై కూర్చుంది. ఇక షుగర్ అనే ఇంగ్లీషు మాటకు ఈ శర్కరతో నిజమైన చుట్టరికమే ఉంది. పారశీకులు షకర్ అన్నారు, అరబ్బులు సుక్కర్ అన్నారు, అక్కణ్నుంచి యూరప్ చేరింది. అంటే చక్రపొంగలికి చక్రం ఏమీ కాదు, షుగర్ మాత్రం బంధువే.

పోలిక మోసం చేసే ఇంకో జంట చూడండి, ఇంగ్లీషు డే, లాటిన్ దియేస్. రెండింటికీ అర్థం పగలు, రోజు. రెండూ 'ద'కు దగ్గరి ధ్వనితోనే మొదలవుతాయి. ఒకటేనని ఎవరైనా అనుకుంటారు. కావు. ఎందుకు కావంటే, లాటిన్‌లో 'ద' ఉన్నచోట ఇంగ్లీషులో 'ట' రావాలి. లాటిన్ దుఓ, ఇంగ్లీషు టూ. లాటిన్ దెకెమ్, ఇంగ్లీషు టెన్. ఆ లెక్కన దియేస్‌కు ఇంగ్లీషు బంధువు ఉంటే 'ట'తో మొదలవ్వాలి. ఉంది కూడా. ట్యూస్‌డేలో మొదటి ముక్క ఒక పాత దేవుడి పేరు, తీవ్. ఆ తీవ్, మన దేవ, దివసం, లాటిన్ దియేస్, అన్నీ ఒక్క ధాతువు సంతానం. ట్యూస్‌డేలో 'డే' మాత్రం ఆ కుటుంబంలోది కాదు.

ఈ విద్యకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. రెండు భాషలు బంధువులని చెప్పడానికి మాటలు ఒకేలా వినిపించడం చాలదు. తేడా ఎప్పుడూ ఒకే తీరుగా రావాలి. ఇక్కడ 'ద' ఉంటే అక్కడ 'ట', ఇక్కడ 'ప' ఉంటే అక్కడ 'ఫ', ఒకచోట కాదు, వందల మాటల్లో. అచ్చంగా ఒకేలా ఉన్న మాటలు కనిపిస్తే భాషాశాస్త్రవేత్త ముందు అనుమానపడతాడు, ఇది అప్పు తెచ్చుకున్నదేమో లేదా కాకతాళీయమేమో అని. ఈ లెక్కన వీల్‌కూ చక్రానికీ మధ్య ఉన్న దూరమే మనకు సాక్ష్యం. ఆ దూరంలో ప్రతి అడుగుకూ కారణం చూపించొచ్చు. ఇప్పుడు ఆ అడుగులు వెనక్కి వేద్దాం.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో వీల్ అనేవాళ్లు కాదు, హ్వేఓల్ అనేవాళ్లు. ముందు 'హ', దాని వెంటే 'వ'. తొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో ఏలిన ఆల్‌ఫ్రెడ్ రాజు పేరు మీద ఒక అనువాదం ఉంది. బోథియస్ అనే రోమన్ పండితుడు చెరసాలలో ఉండి లాటిన్‌లో రాసిన తత్త్వగ్రంథానికి పాత ఇంగ్లీషు రూపం అది. అందులో ఒకచోట అనువాదకుడు మూలంలో లేని బండిచక్రాన్ని తెచ్చిపెట్టాడు. దేవుడు కదలని ఇరుసు, ఉత్తములు ఇరుసుకు దగ్గరగా చక్రం నడిబొడ్డున ఉంటారు, మధ్యరకం మనుషులు ఆకుల్లాంటివాళ్లు, మిగిలినవాళ్లు నేలను రాసుకుంటూ పోయే అంచులో ఉంటారు అని. ఆ భాగంలో ఇరుసుకు వాడిన మాట ఎఅక్స్. సంస్కృతంలో అక్షం. చక్రం నడిమి భాగానికి వాడిన మాట నఫు. సంస్కృతంలో నాభి. ఇంగ్లీషులో బొడ్డును నేవెల్ అంటారు, దానికీ ఇదే పుట్టుక. బండికి వాడిన మాట వెయ్‌న్, ఇప్పటి వ్యాగన్‌కు దాయాది. సంస్కృతంలో వహతి అంటే మోసుకెళ్తుంది, అందులోంచే మన వాహనం. ఇంగ్లండులో ఒక క్రైస్తవుడు తన భాషలో రాసుకున్న నాలుగు మాటల్లో సంస్కృతం బండి సామాను ఇంత బయటపడుతుంది. ఈ చుట్టరికం గురించి విలియం జోన్స్ అనే న్యాయమూర్తి కలకత్తాలో నోరు విప్పడానికి ఇంకా తొమ్మిది వందల ఏళ్లు ఉంది మరి.

హ్వేఓల్‌లోని 'హ' ఏమైందంటే, నార్మన్లు ఇంగ్లండును గెలిచాక లేఖకులు హెచ్, డబ్ల్యూ అక్షరాలను తారుమారు చేసి రాయడం అలవాటు చేశారు. నోట్లో 'హ' క్రమంగా అరిగిపోయింది, రాతలో మిగిలింది. మన పిల్లలు స్పెల్లింగు బట్టీపట్టేటప్పుడు విసుక్కునే ఆ మూగ హెచ్ ఇదే. స్కాట్లండులో, ఐర్లండులో కొందరి నోట ఇప్పటికీ హ్వీల్, హ్వాట్ అని వినిపిస్తుంది.

ఆ 'హ' మనకు చాలా ముఖ్యం. లాటిన్‌లో 'క' ఉన్నచోట ఇంగ్లీషులో 'హ' ఉంటుంది. కొమ్ముకు లాటిన్ మాట కోర్ను, ఇంగ్లీషు మాట హార్న్. గుండెకు లాటిన్ కోర్, ఇంగ్లీషు హార్ట్. సంస్కృతంలో ఎవరు అని అడగడానికి కః అంటాం, ఇంగ్లీషులో హూ. ఏది అనడానికి లాటిన్ క్వోద్, పాత ఇంగ్లీషు హ్వాత్, ఇప్పటి వాట్. ఈ క్రమాన్ని డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ 1818లో అచ్చువేసిన గ్రంథంలో పట్టుకున్నాడు. 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ దాన్ని సూత్రంగా పరిచాడు. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన ఈయనే. అంతకుముందు, 1786 ఫిబ్రవరిలో, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ ప్రసంగించాడు. ఆయన అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలనీ, ఆ మూలభాష ఇప్పుడు బతికి లేకపోవచ్చనీ ఆయన చెప్పింది అక్కడే. జోన్స్ అన్నది గొప్ప ఊహ. దాన్ని రుజువు చేయగల శాస్త్రంగా మార్చిన పని మాత్రం రాస్క్, గ్రిమ్, వాళ్ల తర్వాతివాళ్లది. మన పాఠ్యపుస్తకాలు జోన్స్ దగ్గరే ఆగిపోతాయి, అది కొంచెం అన్యాయం.

సరే, 'హ'ను 'క'గా వెనక్కి తిప్పితే హ్వేఓల్ మొదట్లో 'క్వె' ఉండేదని తేలింది. మధ్య సంగతేమిటి? పాత ఇంగ్లీషులో ఈ మాటకు ఒకే రూపం లేదు. కొన్ని రాతప్రతుల్లో మధ్యలో 'హ' ఉంది, హ్వెఓహోల్. కొన్నింటిలో 'గ', కొన్నింటిలో 'వ' ఉన్నాయి, హ్వెఓగుల్, హ్వెఓవొల్. ఆ మధ్య 'హ' కూడా ఒకప్పుడు 'క్వ'నే. అంటే మాటలో రెండు 'క్వ'లు ఉండేవి. చక్రంలో 'చ' తర్వాత 'క' ఉంది చూడండి, ఆ రెండోదే ఇది. ఇప్పటి ఇంగ్లీషు దాన్ని మింగేసి వీల్ అంటోంది.

కానీ ఒకే మాటలో ఒకచోట 'హ', ఒకచోట 'గ' ఎందుకొచ్చాయి? ఈ ప్రశ్న గ్రిమ్ సూత్రాన్ని యాభై ఏళ్లు సతాయించింది. తండ్రి, సోదరుడు అనే మాటల్లోనూ ఇదే గొడవ. సంస్కృతంలో పితా, భ్రాతా, రెండింట్లోనూ 'త'. ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల పాత రూపాల్లో సోదరుడి మాటలో 'థ' వచ్చింది, తండ్రి మాటలో 'ద' వచ్చింది. కార్ల్ వెర్నర్ అనే డెన్మార్క్ యువకుడు 1875లో దీని ముడి విప్పాడు. ఒక మధ్యాహ్నం కునుకు పట్టడం కోసం ఫ్రాంజ్ బొప్ రాసిన తులనాత్మక వ్యాకరణం చేతిలోకి తీసుకున్నాడనీ, తెరిచిన పుటలో సంస్కృత పితా, భ్రాతా మాటల మీద స్వరం గుర్తులు వేరువేరుచోట్ల ఉండటం కంటపడిందనీ చెబుతారు. భ్రాతాలో ఉదాత్తం మొదటి అక్షరం మీద, పితాలో చివరి అక్షరం మీద. స్వరం ముందు అక్షరం మీద పడినచోట జర్మానిక్ ధ్వని గట్టిగా నిలిచింది. పడనిచోట మెత్తబడింది. అంతే సూత్రం.

ఈ సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇంగ్లీషు, జర్మన్ భాషలు ఆ పాత స్వరాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాయి. దాని తాలూకు గుర్తు వాటి హల్లుల్లో మిగిలిపోయింది, కారణం మాత్రం వాటిలో కనబడదు. ఆ కారణం వేదపాఠంలో పదిలంగా ఉంది. ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు తప్పితే పాఠం తప్పిందని గురువు ఆపి మళ్లీ చెప్పించే ఆ చాదస్తమే, జర్మన్ హల్లుల చిక్కు విప్పింది. ఇక మన మాట దగ్గరికి వస్తే, వేదంలో చక్రంలో స్వరం చివర ఉంటుంది. గ్రీకు కుక్లోస్‌లో మొదట్లో ఉంటుంది. మూలభాషలో రెండు రకాలూ ఉండేవి, ఏకవచనంలో ముందు, బహువచనంలో వెనక, అని పండితుల నిర్ణయం. పాత ఇంగ్లీషులో హ్వెఓహోల్, హ్వెఓవొల్ అని రెండు రూపాలు నిలిచింది అందుకే.

ఇప్పటిదాకా ఇంగ్లీషు వైపు నుంచి నడిచాం. ఇప్పుడు సంస్కృతం వైపు నుంచి. రెండు 'క్వ'లు ఉన్న మాట అన్నాను కదా, మరి చక్రంలో మొదటిది 'చ' ఎందుకైంది, రెండోది 'క'గా ఎందుకు మిగిలింది? పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో పండితులకు సంస్కృతం మీద ఎంత గౌరవమంటే, దాని అచ్చులే అసలైనవనీ, మూలభాషలో 'అ' మాత్రమే ఉండేదనీ, గ్రీకు లాటిన్లలో కనిపించే 'ఎ', 'ఒ' తర్వాత వచ్చిన కల్తీ అనీ నమ్మారు. 1870ల్లో ఐదారుగురు పండితులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, దీన్ని తలకిందులు చేశారు. గ్రీకు లాటిన్లలో 'ఎ' ఉన్నచోట సంస్కృతంలో ముందున్న 'క' 'చ'గా మారింది. 'ఒ' ఉన్నచోట 'క'గానే ఉంది. 'ఎ' పలకడానికి నాలుక ముందుకు వస్తుంది, దాంతోపాటు 'క'ను కూడా ముందుకు లాగి 'చ' చేస్తుంది. తర్వాత ఆ 'ఎ' కాస్తా 'అ'గా మారిపోయింది, అది చేసిన పని మాత్రం మిగిలింది. "రామశ్చ లక్ష్మణశ్చ" అన్నప్పుడు చివర వచ్చే 'చ', లాటిన్‌లో 'క్వె'. అర్థం ఒకటే, వాడుకా ఒకటే, మాట చివర తగిలించడమూ ఒకటే. చక్రంలో మొదటి 'క్వ' పక్కన 'ఎ' ఉంది కాబట్టి 'చ' అయింది. రెండోదాని పక్కన అచ్చు లేదు, 'ల' ఉంది. కాబట్టి అది 'క'గా నిలిచింది. ఆ 'ల' సంస్కృతంలో 'ర' అయింది. వీల్ చివర ఉన్న 'ల్' మూలభాషలోని 'ల'. అంటే ఈ మాటలో ఒక ధ్వనిని సంస్కృతం కాపాడింది, ఇంకో ధ్వనిని ఇంగ్లీషు కాపాడింది. సంస్కృతం ఇంగ్లీషుకు తల్లి కాదు, అక్క అనుకోండి. ఈ మాట చెబితే నొచ్చుకునేవాళ్లు ఉన్నారు. కానీ అక్క దగ్గర లేనిది చెల్లెలి దగ్గర దొరకడం వల్లే తల్లి రూపం తెలిసింది.

ఆ తల్లి రూపం క్వెక్వ్లొస్. పలకడం కష్టమే. దీన్ని ఎవరూ రాయలేదు, ఏ శాసనంలోనూ లేదు. అందుకే పండితులు దీని ముందు ఒక నక్షత్రం గుర్తు పెడతారు, ఇది లెక్కగట్టి తేల్చినది, దొరికినది కాదు అని చెప్పడానికి. ఇందులో ధాతువు క్వెల్, తిరగడం. దాని మొదటి భాగాన్ని రెండుసార్లు పలికి చేసిన మాట ఇది. తిరిగీ తిరిగీ పోయేదానికి ధ్వనిని కూడా మళ్లీ పలకడం మనకు కొత్తేమీ కాదు, గిరగిర అంటాం, గింగిరాలు అంటాం. హీబ్రూలో చక్రం గల్‌గల్. వీటికి వాటికి చుట్టరికం అంటగట్టవద్దు. తిరిగేదాన్ని చూస్తే మనిషి నోరు అలా పోతుంది, అంతే.

అదే క్వెల్ సంస్కృతంలో చర్ అయింది, చరణం, సంచారం, ఆచారం అన్నీ దాని పిల్లలే. లాటిన్‌లో కొలెరె అయింది. ఒకచోట తిరుగుతూ ఉండటం, అక్కడే ఉండి నేల సాగు చేయడం. దాని నుంచి కల్చర్, అగ్రికల్చర్, కాలనీ వచ్చాయి. ఊళ్లు తిరిగే సంచారీ, కాలనీలో ఇల్లు కట్టుకుని కదలని గృహస్థూ ఒకే ధాతువు నీడన ఉన్నారన్నమాట.

గ్రీకులో క్వెక్వ్లొస్ పలికేటప్పుడు పెదవులు గుండ్రం చేసే ఆ 'వ' పక్క అచ్చులోకి దిగి కుక్లోస్ అయింది. చైనా పశ్చిమాన తారిమ్ ఎడారి ఒయాసిస్సుల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాతప్రతులు దొరికాయి. అందులో ఎవరికీ తెలియని ఒక భాష ఉంది. 1908లో జీగ్, జీగ్లింగ్ అనే జర్మన్ పండితులు అది ఈ కుటుంబానిదేనని చూపించారు. దాన్ని తొఖారియన్ అంటారు. అందులో బండిని ఒక మాండలికం కుకల్ అంటుంది, ఇంకోటి కొకాలె అంటుంది. బౌద్ధ గ్రంథాలు రాసుకున్న ఎడారి భాష ఒకటీ, ఉత్తర సముద్రం ఒడ్డున పశువులు కాసుకున్నవాళ్ల భాష ఒకటీ, రెండు కొసల్లోనూ ఇదే మాట.

ఇది అంతా కాగితం మీద లెక్కే కదా, నమ్మకం ఏమిటి అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. దానికి జవాబు 1952లో దొరికింది. గ్రీసులో, క్రీట్ ద్వీపంలో దొరికిన మట్టిపలకల మీది లీనియర్ బి లిపిని మైకేల్ వెంట్రిస్ చదివాడు. వృత్తిరీత్యా ఆయన ఆర్కిటెక్టు. పలకలు మూడు వేల రెండు వందల ఏళ్లకు పైబడినవి. అది గ్రీకే, కానీ హోమర్ కంటే పాతది. తర్వాతి గ్రీకులో ఎక్కడా లేని 'క్వ' ధ్వనికి ఆ లిపిలో ప్రత్యేకంగా అక్షరాలు ఉన్నాయి. 'మరియు' అనడానికి మాట చివర 'క్వె' తగిలించేవాళ్లు, లాటిన్‌లోలాగే, మన 'చ'లాగే. గ్రీకులో ఒకప్పుడు ఇది ఉండి తీరాలని లెక్కగట్టి చెప్పినవాళ్లలో చాలామంది అప్పటికి కాలం చేశారు.

ఇక వస్తువు సంగతి. మాట ఉందంటే వస్తువు ఉండాలి. చక్రం చెట్టూ పుట్టా కాదు, ఎప్పుడో ఒకప్పుడు మనిషి చేసినది. పోలండులోని బ్రోనోచిట్సెలో దొరికిన ఒక కుండ మీద నాలుగు చక్రాల బండి బొమ్మ గీసి ఉంది, క్రీ.పూ. 3500 ప్రాంతంది. స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానా పక్కన బురదనేలలో 2002లో ఒక చెక్క చక్రం బయటపడింది, ఇరుసుతో సహా. వయసు 5,100 ఏళ్ల పైమాటే. అడ్డకొలత 72 సెంటీమీటర్లు. చక్రం ఒక రకం చెక్క, ఇరుసు అంతకంటే గట్టి చెక్క. చక్రమూ ఇరుసూ కలిసే తిరిగేలా బిగించారు. వీటికంటే మరీ పాత చక్రాలు లోకంలో ఎక్కడా గట్టిగా రుజువు కాలేదు. కాబట్టి చక్రం, ఇరుసు, కాడి అనే మాటలు ఉమ్మడిగా ఉన్న మూలభాష, చక్రం పుట్టిన తర్వాతే చీలి ఉండాలి. అమెరికా పురావస్తు శాస్త్రవేత్త డేవిడ్ ఆంటొనీ 2007లో ఒక పెద్ద పుస్తకంలో ఈ వాదన నిలబెట్టాడు. ఆ భాష మాట్లాడినవాళ్లు నల్లసముద్రానికి ఉత్తరాన గడ్డిమైదానాల్లో ఉండేవాళ్లన్నది ఆయన పక్షం. దానికి ఎదురుగా బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కోలిన్ రెన్‌ఫ్రూ 1987లోనే ఇంకో వాదన పెట్టాడు. ఈ భాషలు ఇప్పటి టర్కీ నుంచి వ్యవసాయంతోపాటు, ఇంకా కొన్ని వేల ఏళ్ల ముందే పాకాయని. మరి చక్రం మాట ఎలా కలిసింది? ఎవరికి వాళ్లు 'తిరుగు' అనే ధాతువు నుంచి విడివిడిగా చేసుకుని ఉంటారని ఆ పక్షం జవాబు.

నాకు ఆ జవాబు ఒంటబట్టదు. ఒక్క ధాతువునే ఎంచుకోవడం, అందరూ మొదటి భాగాన్నే రెట్టించడం, అందరూ అదే అచ్చు పెట్టడం, అదీ వేల మైళ్ల దూరంలో, విడివిడిగా! అయితే ఆంటొనీ పక్షానికీ ఒక ముల్లు ఉంది. ఈ కుటుంబంలో అందరికంటే ముందు విడిపోయిందని చెప్పే హిట్టైట్ భాషలో చక్రానికి హుర్కి అనే వేరే మాట ఉంది. బండి నొగను మాత్రం హిష్ష అన్నారు, అది సంస్కృతంలోని ఈషకు బంధువు. నొగ ఉంది, చక్రం లేదు. నాగలికీ నొగ ఉంటుంది కాబట్టి, చక్రం రాకముందే హిట్టైట్ శాఖ విడిపోయి ఉండవచ్చు. 2015 నుంచి పాత ఎముకల్లోని డీఎన్ఏ పరిశోధనలు గడ్డిమైదానాల వాదానికి బలం ఇచ్చాయి. హిట్టైట్ పూర్వీకుల లెక్క మీద తగవు నడుస్తూనే ఉంది.

ఇంగ్లీషు ఈ ఒక్క మాటను ఎన్నిసార్లు ఇంట్లోకి తెచ్చుకుందో లెక్కపెడితే నవ్వొస్తుంది. పుట్టుకతో వచ్చింది వీల్. గ్రీకు నుంచి లాటిన్ మీదుగా సైకిల్. యోగం పుస్తకాల్లోకి సంస్కృతం చక్ర. చక్రం ప్రాకృతంలో చక్కమైంది, హిందీలో చక్కర్ అయింది, మనమూ చక్కర్లు కొడతాం. ఆ చక్కర్‌ను పోలో ఆడే దొరలు చక్కర్ అనే తీసుకెళ్లి ఆటలో ఒక విడతకు పేరు పెట్టారు. ఇరానీయుల నోట చక్రం చఖ్ర, తర్వాత హల్లులు అటూఇటూ మారి చర్ఖ్. అందులోంచే చరఖా. గాంధీగారి వల్ల అదీ ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి చూపించిన జెండా నుంచి పెరిగిన కాంగ్రెస్ జెండాలో ఉన్నది చరఖా. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో ఉన్నది చక్రం.

వీటిలో సైక్లోన్ అనే మాట మన తీరానికి మరీ దగ్గరిది. అది గ్రీకు కుక్లోస్ మీద కట్టిన మాటే, కానీ గ్రీకులు కట్టలేదు. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషాయన 1848లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పేరు పెట్టాడు. సముద్రం మీద గాలివానలు గుండ్రంగా తిరుగుతాయని నావికులకు చెప్పడానికి రాసిన పుస్తకం అది. బంగాళాఖాతం తుఫానుల మీద ఆయన వ్యాసాలు జోన్స్ స్థాపించిన ఆ ఏషియాటిక్ సొసైటీ పత్రికలోనే వచ్చాయి. గోదావరి కొసన కోరంగిని ముంచిన ఉప్పెన ఆయన రాతల్లో ఉంది.

ఇక చివరగా మన తెలుగు. చక్రం మనకు సంస్కృతం ఇచ్చిన మాట, మనది ఆ కుటుంబం కాదు. ఈ సంగతి మొదట అచ్చులో చూపించినవాడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో తెలుగు, తమిళం, కన్నడం ఒక వేరే కుటుంబమని మాటలు పేర్చి చూపించాడు. బొప్ మొదటి పుస్తకం కూడా ఆ 1816లోదే. చక్రానికి మన మాటలు మనకున్నాయి. పాత నిఘంటువుల్లో గాను ఉంది. తెలంగాణ పల్లెల్లో గిర్ర అంటారు, గీర అంటారు. ఇరుసు ఉంది, నొగ ఉంది, చక్రంలో కర్రలకు ఆకులు అనే పేరు ఉంది. కుమ్మరి తిప్పేదాన్ని చక్రం అనడం పుస్తకాల భాష, కుమ్మరి దాన్ని సారె అంటాడు.

ఇంగ్లీషువాళ్లు హ్వేఓల్, నఫు, ఎఅక్స్ పట్టుకుని ఐదువేల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లగలిగారంటే, ఎవరో ఒకరు ఆ మాటలు రాసిపెట్టబట్టే. మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోట విని పోగుచేయించిన వ్యవసాయ పదాలను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశంగా అచ్చువేసింది. నాగలికీ బండికీ ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరున్న భాగాలు అందులో కనిపిస్తాయి. అప్పటికి ఎద్దులబండి ప్రతి ఊళ్లోనూ ఉంది. ఇప్పుడు బండి చేసే వడ్రంగిని వెతకాలి. మీ ఊళ్లో ఇంకా అలాంటి పెద్దాయన ఉంటే, చక్రం నడుమ ఇరుసు దూరే దుంగను ఏమంటారో, దాని చుట్టూ బిగించే ఇనుప పట్టాను ఏమంటారో, చక్రం జారిపోకుండా ఇరుసు కొసన దిగ్గొట్టేదాన్ని ఏమంటారో ఆయన్ను అడగండి. ఊరి పేరు, మండలం పేరు జతచేసి ఒక కార్డు మీద మా కేంద్రానికి రాయండి. ఆయన పలికినట్టే రాయండి, దిద్దవద్దు.